వంగుడుబండ కింద గొంతు

వంగుడుబండ మాట ఎత్తితే మా పేటలో ఎంత వాగుడుకాయైనా చప్పున నోరు మూస్తాడు.

పేట చివర పాత పంపుహౌసు ఉంది చూశారా... దాని వెనక ఒకప్పుడు రాళ్ళు కొట్టిన పెద్ద గొయ్యి. ఎప్పుడో మూసేశారు. గొయ్యి అవతలి గట్టు మీద ఒకే ఒక్క బండ నిలబడి ఉంటుంది. పైభాగం ముందుకి వంగి, కిందకి ఎవరొచ్చారా అని తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. అందుకే దానికా పేరు.

పగలు ఏ గొడవా లేదు. కుక్కల్ని తిప్పేవాళ్ళు తిప్పుతారు, ఫోన్లు మాట్లాడుకునేవాళ్ళు మాట్లాడుకుంటారు. చీకటి పడిందా... ఇక మనిషన్నవాడు ఆ పక్కకి పోడు. ఒంటరిగా అయితే అసలే పోడు. పోయి వచ్చినవాళ్ళు చెప్పేది ఒకటే. బండ వైపు మొహం పెట్టి నిలబడితే, వీపు వెనక, బాగా దగ్గరగా, మెత్తగా ఎవరో అంటారట —

"ఉన్నా."

అంతే. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

రాళ్ళు కొట్టే రోజుల్లో ఇద్దరిద్దరు జతగా పనిచేసేవాళ్ళట. ఒకడు తాడు కట్టుకుని పైకి పోతాడు, ఇంకొకడు కింద తాడు పట్టుకుంటాడు. ఒకరోజు పైకి పోయేవాడు వెనక్కి చూడకుండానే "ఉన్నావా?" అని అడిగాడు. "ఉన్నా" అని వినపడింది. ఎక్కాడు. కాలు జారింది. పోయాడు... తాడు పట్టుకోవాల్సినవాడు అప్పటికి మంచినీళ్ళ కోసం పంపుహౌసు దాకా వెళ్ళి ఉన్నాడు. ఆ మాట అన్నది నేను కాదు మొర్రో అని బతికినన్నాళ్ళూ నెత్తీ నోరూ కొట్టుకున్నాడట పాపం.

ఇదంతా నిజమా అబద్ధమా అని నన్నడక్కండి. నేను సోఫాలకీ కారు సీట్లకీ గుడ్డ వేసుకుని బతికేవాణ్ణి. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు అని చెప్పుకుంటూ ఇంత వయసొచ్చింది. ఇవాళ కూడా అలాగే చెప్పాలని ఉంది గానీ, నోరు రావడం లేదు.

ఎందుకంటే జరిగింది నా మేనకోడలికి. దాని నోటితో అది నాకు చెప్పింది.

మా అక్కకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది, చిన్నది. పేర్లు పెట్టారు గానీ ఇంట్లో ఎవరం వాడం. మా అక్కాబావలు పోయాక పిల్లలిద్దరూ మా ఇంటి మేడ మీద గదిలోనే ఉంటూ వచ్చారు. పెద్దది బడిలో లెక్కలు చెప్పేది. చిన్నది ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఇద్దరికీ ఒకటే పిచ్చి. బండలెక్కడం.

ఏం పిచ్చండీ అది! ఇంట్లో అటక మీది డబ్బా దింపమంటే స్టూలు వెతుక్కుంటారు. బండ కనపడితే మాత్రం బల్లుల్లా పాకేస్తారు. తాడూ గీడూ ఏమీ ఉండదు. కాళ్ళకి వేళ్ళు ముడుచుకుపోయేంత బిగుతు బూట్లు, నడుముకి సుద్దపొడి సంచీ, కింద ఒక మందపాటి పరుపు. ఎక్కడం, పడటం, లేచి మళ్ళీ ఎక్కడం. ఆ పరుపు నేనే కుట్టి ఇచ్చాను లెండి. దుకాణంలో అమ్మేవి తెచ్చి చూపించారు. ఆ కుట్లు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

వీళ్ళకొక పద్ధతి ఉంది. ఒకళ్ళు ఎక్కుతుంటే ఇంకొకళ్ళు వెనక చేతులెత్తి నిలబడాలి. పైవాళ్ళు పట్టు తప్పితే తల నేలకి కొట్టుకోకుండా పరుపు మీదకి మళ్ళించడానికి. ఎక్కేవాళ్ళు రాయి మీద చెయ్యి వేసి "ఉన్నావా?" అని అడగాలి. వెనకవాళ్ళు "ఉన్నా" అనాలి. ఆ మాట చెవిన పడితే గానీ కాలు నేల వదలదు. కొంప మునిగినా ఈ పద్ధతి తప్పరు.

వాళ్ళిద్దరిలో ఎక్కేది ఎక్కువగా చిన్నదే. వెనక నిలబడేది పెద్దది.

పెద్దది కిందటి చలికాలంలో చనిపోయింది. దగ్గుతో మొదలైంది. మామూలు జలుబే అనుకున్నాం. చివరికి ఆస్పత్రిలో చేర్చాం, చిన్నది పనిచేసే ఆస్పత్రే. అక్క ఛాతీకి ఎక్స్‌రే తీసింది చిన్నదే. ఫిల్ము చూసి బయటికొచ్చి నా మొహం చూడలేదు ఆ పిల్ల... అప్పుడే నాకు తెలిసిపోయింది. దాని గురించి ఇంకేం చెప్పను. నా వల్ల కాదు.

ఆ తర్వాత చిన్నది బండలూ లేవు, ఏమీ లేవు అన్నట్టు అయిపోయింది. ఊళ్ళో గోడలెక్కే హాలొకటి ఉంది, అక్కడికీ మానేసింది. వెళ్తే అందరూ "మీ అక్క రాలేదా?" అని అడుగుతారట. మేడ మీద గదిలో రెండు మంచాలుంటాయి. ఒకదాని మీద దుప్పటి ఏడాదిగా మడత చెదరలేదు.

ఈ చలికాలం మొదట్లో ఒకరోజు పరుపు దులుపుతూ కనపడింది. నాకు ప్రాణం లేచొచ్చిందండీ. పిల్ల మళ్ళీ మనుషుల్లో పడుతోంది అనుకున్నా. మా ఆవిడ మాత్రం, వెనక నిలబడేవాళ్ళు లేకుండా ఎక్కడికి పోతావే అని గొణిగింది. ఎత్తు తక్కువ బండలే చూసుకుంటానత్తయ్యా అంది చిన్నది.

ఇంటికి దగ్గర్లో ఎక్కడైనా మంచి బండ దొరుకుతుందా అని వెతకడం మొదలుపెట్టింది. చలికాలమే దీనికి సరైన కాలమట. వేడికి చేతులు చెమటపట్టి రాయి జారుతుందట, చలికి వేళ్ళు రాయిని కరుచుకుంటాయట. పైగా పొదలెండి ఆకులు రాలి, ఏడాదంతా దాక్కున్న బండలు బయటపడతాయట. నేను సీటుకి స్పాంజి కోసుకుంటుంటే పక్కన కూర్చుని నాకు ఇదంతా పాఠం. ఫోనులో ఆకాశం నుంచి తీసిన పటం పెట్టుకుని, ఈ నీడ చూడు మామయ్యా, ఇంత పొడుగు నీడ పడిందంటే బండ ఎత్తే అని చూపించేది.

చాలా తిరిగింది పాపం. నది ఒడ్డున ఉన్నవి పాచి పట్టి జారిపోతున్నాయి. రైలు కట్ట పక్కన ఒకటి దొరికింది, చెయ్యి వేయగానే పెచ్చు ఊడి మోకాలి మీద పడింది. ఒకటి ఎవరిదో బంగళా ఆవరణలో ఉంది. కర్ర పట్టుకుని ఊగిపోతూ వచ్చాడట ఇంటాయన. ఎక్స్‌రేలు తీసే అమ్మాయి అని తెలిశాక కర్ర పక్కన పెట్టి తన మోకాలు చూపించాడట. చెప్తూ నవ్వింది. ఏడాది తర్వాత ఆ నవ్వు విన్నాం మేము.

అలా వెతుకుతూ వెతుకుతూ... వంగుడుబండ దగ్గర తేలింది.

పంపుహౌసు కాపలావాడు ముందే చెప్పాడట. అమ్మా, చీకటి పడ్డాక ఆ పక్క వద్దు, మంచిది కాదు అని. వినే రకమైతే మా పిల్ల ఎందుకవుతుంది? డ్యూటీ దిగేసరికే చీకటి పడుతోంది, చీకట్లో కాక ఎప్పుడెక్కను అని వీపున పరుపు వేసుకుని, తలకి లైటు కట్టుకుని గొయ్యి చుట్టూ తిరిగి అవతలికి పోయింది.

బండ మీద లైటు వేసింది.

తెల్లగా... చేతి గుర్తులు.

ఒకటి కాదు. కింద ఒకటి, దానికి పైన కాస్త కుడికి ఒకటి, ఇంకాస్త పైన ఇంకొకటి. వేళ్ళతో సహా.

మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? చెప్పులు చేతపట్టుకుని పరుగెడతాం. ఈ బండలెక్కేవాళ్ళున్నారే, వాళ్ళు సంతోషిస్తారు! సుద్ద గుర్తు కనపడిందంటే అంతకు ముందు ఎవరో ఎక్కారని అర్థం. ఆ పట్టు గట్టిదని అర్థం. ఎవరో తెలియని మనిషి, చెయ్యి ఇక్కడ వెయ్యి అని దారి చూపించి పోయినట్టు. ఆ గుర్తుని కళ్ళు మూసుకుని నమ్ముతారు. మా పిల్లా అలాగే నమ్మింది. హమ్మయ్య, మన లాంటివాళ్ళు ఇక్కడికి వస్తున్నారన్నమాట అనుకుంది.

ఆ రోజు కింది పట్లు రెండు మూడు పట్టుకుని చూసింది. దిగింది. దిగాక బ్రష్షుతో సుద్దంతా శుభ్రంగా దులిపేసింది. అదీ వాళ్ళ పద్ధతే. తరవాత వచ్చేవాళ్ళ కోసం రాయి కడిగినట్టు పెట్టి పోవాలి.

మర్నాడు సాయంత్రం వెళ్ళింది.

గుర్తులు మళ్ళీ ఉన్నాయి. తాజాగా. ఈసారి ఒకటి ఎక్కువ... ఇంకాస్త పైన.

సరే, ఆ మనిషి పొద్దున వచ్చి పోతున్నాడేమో అనుకుంది. కాపలావాణ్ణి అడిగింది. ఎవరూ రారమ్మా, నువ్వొక్కదానివే అన్నాడు. మళ్ళీ దులిపింది. మళ్ళీ వచ్చాయి. మధ్యలో ఒకరోజు మధ్యాహ్నమంతా తుంపర పడింది. సుద్ద అన్నాక తడికి కారిపోవాలి కదండీ. సాయంత్రం వెళ్తే రాయంతా తడిగా ఉంది... గుర్తులు మాత్రం పొడిగా ఉన్నాయి.

అక్కడైనా భయపడాలా వద్దా? భయపడలేదు. ఎందుకు పడలేదో చాలా సేపు నాకు చెప్పలేదు. మా ఆవిడ పక్కనుంచి లేచి వెళ్ళాక చెప్పింది.

ఆ గుర్తు మీద తన చెయ్యి పెట్టి చూసిందట. తన వేళ్ళ కన్నా గుర్తు వేళ్ళు ఓ గోరంత పొడుగు.

పెద్దదాని వేళ్ళు అంతే పొడుగు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ చేతులు ఆనించి కొలుచుకునేవాళ్ళు.

"రాయి మంచుగడ్డలా ఉంది మామయ్యా. ఆ గుర్తు ఉన్నచోట మాత్రం వెచ్చగా ఉంది" అంది. "అక్కడే చెయ్యి పెట్టుకుని ఏడ్చాను."

ఇక ఆపేదెవరు? రోజూ డ్యూటీ దిగడం, పరుపు వేసుకోవడం, పోవడం. మాకేమో ఏదో చిన్న బండ దొరికింది అని చెప్పింది. పిల్ల మొహంలో కళ వచ్చింది, నాలుగు మెతుకులు ఎక్కువ తింటోంది అని మేము మురిసిపోతున్నాం. గుడ్డివాళ్ళం.

ఆ సాయంత్రం మంచు దట్టంగా దిగింది. వీధి దీపం కింద నిలబడితే పక్క దీపం కనపడనంత. నేను దుకాణం ముందుగా కట్టేశాను. చిన్నది మాత్రం వెళ్ళింది.

బండ కింద గట్టు మీద పరుపు పరిచింది. పక్కనే గొయ్యి అంచు, కింద ముక్కలు ముక్కలు రాళ్ళు. అందుకని పరుపుని బండకి బాగా ఆనించి వేసింది. బూట్లు బిగించింది. చేతులకి సుద్ద రాసుకుంది. గుర్తులు ఆ రోజు చాలా పైదాకా ఉన్నాయి, లైటు అందినంత మేరా.

రాయి మీద చెయ్యి వేసింది. అలవాటున నోటికి వచ్చేసింది —

"ఉన్నావా?"

అన్నాక గుర్తొచ్చిందట, వెనక ఎవరూ లేరని.

అప్పుడు... వీపు వెనక... బాగా దగ్గరగా...

"ఉన్నా."

పెద్దదాని గొంతు.

నేను అడ్డుపడి అడిగాను, వెనక్కి తిరగలేదేమే నువ్వు అని. తిరిగితే ఉండదేమో అని భయమేసింది మామయ్యా అంది. తిరగకపోతే ఉంటుంది కదా అంది.

ఎక్కింది.

గుర్తు మీద చెయ్యి, గుర్తు మీద చెయ్యి. ప్రతి పట్టూ చేతికోసమే చేసినట్టు అందుతోంది. వెనక నుంచి గొంతు వస్తూనే ఉంది.

"ఎక్కు..."

ఎక్కింది. ఏడాదిగా బరువెక్కిన ఒళ్ళు దూదిలా తేలిపోతోందట. నవ్వు కూడా వచ్చిందట.

"ఎక్కు... ఇంకొంచెం... ఎక్కు."

బండ ముందుకి వంగే చోటుకి వచ్చింది. అక్కడ్నుంచి కాళ్ళు గాల్లో ఉంటాయి, బరువంతా వేళ్ళ మీదే. పట్టు తప్పితే తిన్నగా కాదు, వెనక్కి పడతారు. అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఊపిరి తీసుకుంది. అప్పుడు మనసులో ఏదో కలుక్కుమంది.

అక్క ఎప్పుడూ ఎక్కు అనేది కాదు.

నిజమేనండీ. నేనూ ఒకటి రెండుసార్లు సరదాకి వెళ్ళి చూశాను. పెద్దది వెనక నిలబడిందంటే దాని నోట ఒకటే మాట. దిగు. చాల్లే, దిగు. చేతులు వణుకుతున్నాయి, దిగవే మొద్దూ. చిన్నది పైనుంచి, ఇంకొక్కసారే అక్కా అని బతిమాలేది. ఆ పిల్ల భయం అలాంటిది. చెల్లెలు నేల మీద కాలు పెట్టిందాకా తిట్టడం ఆపేది కాదు.

చిన్నది మెల్లిగా అడిగింది — "అక్కా... దిగనా?"

చప్పుడు లేదు.

మంచు కదులుతోంది. ఎక్కడో నీటి చుక్క పడుతోంది.

"ఎక్కు."

ఈసారి గొంతు కింద నుంచి రాలేదు. చెవి పక్కనుంచి వచ్చింది.

అప్పుడు కిందకి చూసింది.

పరుపు లేదు.

కాదు... ఉంది. కదులుతోంది. బండకి ఆనించి వేసిన పరుపు నేల మీద ఈడ్చుకుంటూ గొయ్యి అంచు వైపు పోతోంది. నెమ్మదిగా. దాని పక్కన మనిషి లేడు. కింద ఉన్నది ఉత్త రాయి, ఆ పక్కన గొయ్యి.

పైకి చూసింది. తరవాతి గుర్తు తెల్లగా మెరుస్తోంది. అక్కడ పట్టు లేదు. నున్నటి బండ మీద ఉత్త చేతి గుర్తు. అక్కడ చెయ్యి వేసినవాళ్ళెవరైనా...

వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఒక్కొక్క వేలూ విడిపోతోంది. మీరిద్దరూ భోజనానికి ఎదురు చూస్తుంటారని గుర్తొచ్చింది మామయ్యా అంది. అది చెప్పేటప్పుడు నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు వినపడింది. కింద, చాలా కింద, ఆయాసపడుతూ, కోపంగా —

"దిగవే!"

చిన్నది కళ్ళు మూసుకుని వదిలేసింది.

వీపు మెత్తగా పరుపుకి తగిలింది.

ఆ తర్వాత ఎలా వచ్చిందో దానికి తెలీదు. మా ఆవిడ తలుపు తీసేసరికి గుమ్మంలో ఉంది. కాళ్ళకి ఆ బిగుతు బూట్లే. వాటితో నాలుగడుగులు నడిస్తేనే ప్రాణం పోతుంది, అలాంటిది వీధులన్నీ పరుగెత్తుకొచ్చింది. చేతి వేళ్ళు ముడుచుకుపోయి విప్పడానికి రావడం లేదు. మా ఆవిడ ఒడిలో పెట్టుకుని ఒక్కొక్క వేలూ విప్పింది.

జరిగిందంతా విని, మంచులో పడి తిరిగితే జ్వరం రాదా, జ్వరంలో ఏవేవో వినపడవా అంది మా ఆవిడ. నేనూ అవునవునన్నాను. అక్క మీద బెంగ పెట్టుకున్నావు, ఒంటరిగా చీకట్లోకి పోయావు, మనసు ఆడించింది, అంతే అన్నాను. గట్టిగానే అన్నాను. ఒక్కోసారి గట్టిగా అంటే మనకీ నమ్మకం కుదురుతుంది.

తెల్లారాక నేనూ చిన్నదీ పరుపు తెచ్చుకుందామని వెళ్ళాం.

బండ మీద సుద్ద అన్నది లేదు. ఒక్క గుర్తు కూడా లేదు. చూశావా, నేను చెప్పలేదూ అన్నాను. చిన్నది పరుపు వైపు చూపించింది.

పరుపు బండకి కాస్త ఎడంగా పడి ఉంది. కింద మట్టిలో ఈడ్చిన చారలు. బండ దగ్గర నుంచి గొయ్యి అంచు దాకా ఒకసారి. అంచు దగ్గర నుంచి మళ్ళీ వెనక్కి ఒకసారి.

కుక్కలు లాగి ఉంటాయి అన్నాను. అంటూనే పరుపు తిరగేశాను. అయ్యా, నా జన్మంతా గుడ్డలతోనే గడిచింది. కుక్క లాగితే పంటి గాట్లుంటాయి. ఒక్క గాటు లేదు. పరుపు మొయ్యడానికి రెండు చివర్లా పట్టీలు కుట్టాను, మనిషి వేలాడినా ఊడనంత గట్టిగా. ఆ రెండూ ఊడి వేలాడుతున్నాయి.

కుట్టు తెగినచోట పోగులు ఏ వైపు వాలాయో చూస్తే ఏ వైపు లాగారో తెలిసిపోతుంది. ఒక పట్టీ గొయ్యి వైపు లాగితే తెగింది. రెండోది బండ వైపు లాగితే తెగింది. నడిమి గుడ్డ సాగిపోయి, లోపలి స్పాంజి అడ్డంగా చీలిపోయింది. ఒకళ్ళు లాగితే అలా కాదండీ. రెండు చివర్లా ఇద్దరు పట్టుకుని, ఒకేసారి, బలమంతా పెట్టి లాగితేనే అలా అవుతుంది.

పరుపు వదిలేసి అక్కడే కూలబడ్డాను.

బండ వైపు పట్టీ మీద సుద్ద అంటుకుని ఉంది. నాలుగు వేళ్ళ గుర్తు. చిన్నది దాని మీద తన వేళ్ళు పెట్టి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి ఒక మాట అంది.

"అక్క ఒక్కతే ఉంది మామయ్యా... దానితో."

నాకోసం వచ్చి అక్కడ చిక్కుకుపోయింది, నేను పోతే గానీ రాలేదు అంది. ఎలాగో ఇంటికి లాక్కొచ్చాను. పరుపు నా దగ్గర పెట్టుకున్నాను. పరుపు లేనిదే పోదు కదా అని నా ధైర్యం. కుట్టావా మామయ్యా అని రోజూ అడిగేది. దారం రాలేదమ్మా అనేవాణ్ణి. గుడ్డ ఆ రంగులో దొరకడం లేదమ్మా అనేవాణ్ణి. ఊరంతా నా దగ్గర దారం కొనుక్కుపోతుంది, అది దానికి తెలీదా? తెలుసు. అయినా ఏమీ అనేది కాదు. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. మెల్లిగా మరిచిపోతోంది, గండం గడిచింది అనుకున్నాం నేనూ మా ఆవిడా.

నిన్న సాయంత్రం దుకాణానికి వచ్చింది. ఇదిగో, ఇప్పుడు మీరు కూర్చున్నారే, అక్కడే కూర్చుంది. మొహం ప్రశాంతంగా ఉంది. బాగా చిక్కింది. అడక్కుండానే నేనే నసిగాను, ఆ పరుపు సంగతి ఈ వారంలో చూస్తానమ్మా అని.

"తొందరేం లేదు మామయ్యా" అంది. "పరుపు లేకుండానే వెళ్తున్నా కదా రోజూ."

నా చేతిలో కత్తెర కింద పడింది.

అరవలేదు నేను. అరిస్తే లేచి పోతుందని భయం. వీలైనంత మామూలుగా అడిగాను, మరి అక్క కనపడిందా అని. కనపడదు, వెనకే ఉంటుంది, మాట్లాడుతుంది అంది. తిడుతోందా ఇంకా, నీ మొద్దు వేషాలకి అన్నాను, నవ్వు మొహం పెట్టి.

చిన్నది కూడా నవ్వింది.

"లేదు మామయ్యా. మొదట్లో తిట్టేది. ఇప్పుడు మారిపోయింది పాపం. అస్సలు దిగమనడం లేదు. ఎక్కు, ఎక్కు అంటోంది."

అదండీ సంగతి. పని ఆపి ఈ పరుపు ముందేసుకున్నావేమిటని అడిగారుగా. నిన్న ఎలాగో ఇంటికి తీసుకుపోయాను, పొద్దున మళ్ళీ పనికి పోయింది పిల్ల. ఇంకో గంటలో డ్యూటీ దిగుతుంది. ఆస్పత్రి గేటు దగ్గరికే పోయి నిలబడతాను. ఇంటికి రమ్మని కాళ్ళావేళ్ళా పడతాను. రాకపోతే దాని వెంట నేనూ పోతాను, వెనక చేతులెత్తి నిలబడతాను, దిగవే దిగవే అని గొంతు పోయిందాకా అరుస్తాను. పెద్దది ఒక్కతే ఎన్నాళ్ళని లాగుతుంది?

మీరు ఆ చివర కాస్త గట్టిగా పట్టుకోండి. ఈ పట్టీ ఒక్కటీ అయితే అయిపోయినట్టే.